ఎద్దు రాసిచ్చిన తీరిక

నల్లవాగు అవతలి అడవిలో జంతువులకో విశ్వవిద్యాలయం ఉంది. సింహం దానికి ఉపకులపతి. ఆవులించడం, సంతకాలు పెట్టడం ఆయన పనులు. మిగతా పెత్తనమంతా రిజిస్ట్రారు నక్కది. గ్రంథాలయం పుస్తకాలను బండిమీద తరగతులకు చేరవేసి, పొద్దుగూకేలోగా మళ్ళీ తెచ్చి అప్పగించే ఎద్దు పేరు మైలయ్య. పద్నాలుగేళ్ళలో ఒక్క పుస్తకం తడవనివ్వలేదు, ఒక్కనాడు సెలవు పెట్టలేదు. ఇలాంటివాళ్ళ కథ చెప్పాలంటే నాకు ముందే నోరు చేదవుతుంది. అయినా చెబుతాను.

పూర్తి రోజు ఉద్యోగులకే ఇచ్చే కొట్టం ఒకటి వాగొడ్డున మైలయ్యకు ఉంది. అందులో అతని ఇల్లాలు, కపిల అనే ఆవు, పడుకునే ఉండేది. కిందటేడు బురదలో జారిపడ్డప్పటినుంచి వెనక కాళ్ళలో సత్తువ లేదు. రోజూ ఉలవలు ఉడికించి పెడితే లేచి నడుస్తుందని వైద్యుడు కొంగ చెప్పాడు. మైలయ్యకు జీతంగా వచ్చేది ఎండుగడ్డి.

ఒకనాడు నక్క పిలిపించింది.

"మైలన్నా, హాస్టలుకు నీళ్ళు మోసే గాడిద రిటైరయింది కదా. ఆ పని పార్ట్ టైమ్‌గా నీకిద్దామనుకుంటున్నా. పొద్దుగూకేలోగా రెండు గంటల పనే. రోజుకో తట్ట ఉలవలు."

ఉలవలనగానే మైలయ్య చెవులు నిక్కాయి. అయినా నిదానం మనిషి, అదే, నిదానం ఎద్దు. "ఆలోచించుకుని చెబుతాను సార్" అన్నాడు.

"ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అన్నారందుకే! సరే, రేపటిదాకా చూస్తా."

మధ్యాహ్నం గ్రంథాలయం వెనక పడుకుని నెమరు వేస్తూ మైలయ్య ఈ సంగతి తాబేలుకు చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలిచ్చి పుచ్చుకునే బల్ల దగ్గరుండేది ఆమే.

"నీ రోజులో జాగా ఎక్కడుంది తమ్ముడూ? ఈ నెమరు వేసే పూట తప్ప నీకేం మిగిలింది?"

"కపిల లేచి నిలబడాలి కదక్కా."

తాబేలు తల లోపలికి లాక్కుని, కాసేపటికి బయటపెట్టింది. "అయితే చెయ్యి. కానీ వాళ్ళేం రాసిమ్మన్నా ఇవ్వకు. నా సర్వీసులో నోటిమాటతో చెడినవాళ్ళను చూళ్ళేదు. రాసిచ్చి చెడినవాళ్ళనే చూశాను."

కొమ్మమీది కాకి కిందికి వంగింది. "అన్నట్టు, నక్క సారు బావమరిది పెళ్ళాం పిల్లలతో దిగాడు. వాగొడ్డున ఇల్లేదైనా ఖాళీ అవుతుందా అని అందరినీ అడుగుతున్నాడు."

"ఆ గోల నాకెందుకే?" అన్నాడు మైలయ్య. ఆ గోలే అతను వినాల్సింది.

మర్నాడు నక్క కాగితం ముందు పెట్టింది. "ఏం లేదు, ఆఫీసు పద్ధతి. 'నా పనికి లోటు రాకుండా, నాకున్న తీరికలో ఈ పని చేస్తాను' అని రాసి గిట్ట ముద్ర వెయ్యి."

"తీరికెక్కడిది సార్? పొద్దుగూకేదాకా కాడికిందే ఉంటాను కదా."

"అందరూ రాసేదేనయ్యా. అది లేకుండా ఉలవలు ఏ పద్దుకింద ఇవ్వను? వద్దంటే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటా."

తాబేలు మాట గుర్తొచ్చింది. దానికంటే ముందు కపిల కాళ్ళు గుర్తొచ్చాయి. మైలయ్య ముద్ర వేశాడు.

రాసిన మాట నిలబెట్టుకోవాలని పిచ్చి పట్టుదల అతనికి. నెమరు మానేశాడు. నడిచే దారిని పరుగెత్తాడు. మధ్యాహ్నం దాటగానే పుస్తకాల పని ముగించి నీళ్ళబండి కట్టుకునేవాడు. నెల తిరిగేసరికి కపిల గోడ ఆనుకుని నిలబడింది. మూడో నెలలో వాగుదాకా నడిచి తానే నీళ్ళు తాగొచ్చింది.

"నేను లేచాను, నువ్వు పడిపోతున్నావయ్యా" అంది అతని పక్కటెముకలు చూసి. "ఇక చాలించు."

"ఇంకొక్క నెల" అన్నాడు మైలయ్య. తిన్నది అరక్క కడుపుబ్బరం పట్టుకుంది కానీ, తన బతుకులో అంత సంతోషంగా ఎన్నడూ లేడు.

ఆ నెలలోనే సభ జరిగింది. సింహం ముందు నక్క ఆ కాగితం విప్పి చదివింది.

"తీరిక ఉందని మైలయ్యే రాసిచ్చాడు ప్రభూ. పుస్తకాల పని మధ్యాహ్నానికే అయిపోతోంది, అందరూ చూస్తున్నారు. పూటపనికి పూర్తి రోజు గడ్డి ఎందుకు?"

సింహం ఆవులించి సంతకం పెట్టింది.

మైలయ్య సభ మధ్యకు వచ్చాడు. "నెమరు మానుకుని చేశాను సార్!"

"ఆ మాట ఇందులో లేదే" అంది నక్క కాగితం అటూ ఇటూ తిప్పి.

"పోనీ, నీళ్ళ పనైనా ఉంచుతారా?"

"అదనపు పని పూర్తి రోజు ఉద్యోగికే ఇవ్వాలని నిబంధన. ఇప్పుడు నువ్వు కావు కదా."

"మరి కొట్టం?"

"అదీ అంతే. ఎల్లుండికి ఖాళీ చెయ్యి. పుస్తకాల పూటపని మాత్రం ఉంది, రోజుకో గుప్పెడు గడ్డి. ఇష్టమైతే వస్తుండు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. గుప్పెడు గడ్డితో గడవదని పూటపని కూడా వదులుకుని, మూడోనాడు ముసురులో ఇద్దరూ బయల్దేరారు. ఉలవలతో సత్తువ పుంజుకున్న కపిల కాళ్ళు ఇల్లు విడిచి వెళ్ళడానికి పనికొచ్చాయి. నక్క బావమరిది మూటలతో ఎదురొచ్చి, "కప్పు కారుతుందా అన్నా?" అని అడిగాడు. "కారదు, నేనే కప్పాను" అన్నాడు మైలయ్య. వీడ్కోలు చెబుదామని బయల్దేరిన తాబేలు ఇంకా దారిలోనే ఉంది.

వాగు దాటాక ఒక రాయి పక్కన మైలయ్య కూలబడ్డాడు. రోజంతా ఖాళీ, పిలిచేవాళ్ళు లేరు. ఎన్నాళ్ళకో నెమరు వేద్దామని దవడ కదిపాడు. కడుపులో మేత లేదు.

లేని తీరికను ఉందని రాసిచ్చినవాడికి చివరికి తీరికే మిగులుతుంది.