కంచర వీధిలో దండనాయకుడి బూర

పొన్నవరం రాజు మల్లభూపతికి గారెలంటే ప్రాణం. యుద్ధమైనా వాయిదా వేస్తాడు గానీ, మూకుట్లోంచి తీసిన గారెను మాత్రం చల్లారనివ్వడు. ఆ రోజు చెల్లెలి ఇంట్లో అల్లం గారెలని కబురొస్తే పల్లకీ ఎక్కి బయల్దేరాడు. కంచర వీధిలోకి వచ్చి ఇరుక్కుపోయాడు.

ముందు ఎడ్లబండి, వెనక గడ్డిబండి, పక్కన గాడిదలు. అరుగుల మీద పట్టక వీధిలోకి దిగిన ఇత్తడి బిందెలూ గంగాళాలూ. వీటన్నిటికీ ఎదురుగా దండనాయకుడు వీరప్పరాజు పల్లకీ, దాని ముందు ఇద్దరు బూరగాళ్లు. కదిలేవాడు లేడు, అరవనివాడు లేడు. రాజు చెల్లెలి ఇల్లు చేరేసరికి గారెలు చల్లారి తోలులా సాగుతున్నాయి.

మర్నాడు సభలో రాజు మండిపడ్డాడు.

"నా రాజ్యంలో నాకే వేడి గారె దొరకదా? ఆ వీధికి ఏదో ఒకటి చెయ్యండి!"

వీరప్పరాజు మీసం దువ్వాడు. "చిటికెలో పని ప్రభూ! ఉత్తరం వైపు ఇళ్లు కూల్చేస్తే సరి. నా పల్లకీ హాయిగా పడుతుంది."

'నీ పల్లకీ సంగతి ఎవడడిగాడయ్యా' అని సభలో అందరూ మనసులోనే అనుకున్నారు.

రాజుగారి పక్కన తమలపాకులు చుడుతున్న పేరమ్మ చేతిలోంచి ఆకు జారిపోయింది. రాజుకు తాంబూలం అందించడం ఆమె కొలువు. ఆమె పుట్టిల్లు ఉత్తరం వైపే. తండ్రి సోమాచారి ఈనాటికీ ఆ అరుగు మీదే కూర్చుని చెంబులకు సొట్టలు తీస్తుంటాడు. ఆ అరుగు లేకపోతే ముసలాయన ఏమైపోతాడోనని ఆమె రాజు ముందుకొచ్చి చేతులు జోడించింది.

"ప్రభూ, ఆదివారం దాకా గడువివ్వండి. వీధివాళ్లమంతా ఓ సంఘం పెట్టుకుని దారి చక్కచేసుకుంటాం. ఆ రోజు మళ్లీ మీ చెల్లెలిగారింటికి వెళ్లి చూడండి. అప్పుడూ గారెలు చల్లారితే ఇళ్లు మేమే కూల్చుకుంటాం."

"బిందెలు కొట్టుకునేవాళ్లకు సంఘమట!" అని వీరప్పరాజు పగలబడి నవ్వాడు. రాజు మాత్రం సరేనన్నాడు.

ఆ సాయంత్రమే సోమాచారి అరుగు మీద సంఘం కూడింది. సంఘానికి పెద్ద ఎవరన్న దాని మీదే పొద్దుగూకింది. రద్దీకి కారణం ఎవరన్న దాని మీద మాత్రం అందరిదీ ఒకటే మాట. పక్కింటివాడు!

"నా గంగాళం మా తాతల నాటినుంచీ అక్కడే ఉంది. వీధే దాని మీదికొచ్చింది," అన్నాడు ఒకాయన.

పేరమ్మకు ఒళ్లు మండింది. "గంగాళాలు లోపలికి పోతాయా, మనం బయటికి పోదామా? అది తేల్చండి ముందు!"

గంగాళాలు లోపలికి పోయాయి. వీధి నడుమ ఓ జేగంట వేలాడదీశారు. ఒక దెబ్బ కొడితే ఇటు బళ్లు కదలాలి, రెండు దెబ్బలు కొడితే అటు బళ్లు. గాడిదలు కూడా తొందరగానే నేర్చుకున్నాయి. నేర్చుకోనిది వీరప్పరాజు ఒక్కడే. గంటతో పనిలేకుండా బూరలూదించుకుంటూ చొరబడేవాడు. అంతే, మళ్లీ అంతా కలగాపులగం.

సంఘానికి రమ్మని పిలిస్తే ఆయన రాలేదు. అప్పుడు పేరమ్మ మరో నియమం చెప్పింది. సంఘమంతా పడీపడీ నవ్వింది. రాజు చదివి, నవ్వాపుకోలేక ముద్ర వంకరగా వేశాడు. ఊరంతా దండోరా వేశారు. అందరూ విన్నారు గానీ, వీరప్పరాజుకు వినపడలేదు. ఆయన బూరల మోతలో దండోరా ఎక్కడ వినపడుతుంది?

ఆదివారం వచ్చింది. రాజు పల్లకీ కంచర వీధిలో జేగంట దగ్గర ఆగింది.

"రాజుకూ గంటేనా?" అన్నాడు మల్లభూపతి.

"గారెలు వేడిగా కావాలంటే గంటే ప్రభూ," అంది పక్కన నడుస్తున్న పేరమ్మ.

సరిగ్గా అప్పుడే అవతలినుంచి బూరలు గీపెట్టాయి. ఇవాళ ఎలాగైనా గారెలు చల్లార్చాలని వీరప్పరాజు ఎదురొస్తున్నాడు!

వీధి మొత్తం ఒక్కసారిగా లేచింది.

"జరగండి, జరగండి! పాపం, అయ్యగారికి ఆగేట్టు లేదు!"

బళ్లు గోడలకు అతుక్కుపోయాయి. ప్రతి అరుగు మీంచీ ఓ నీళ్ల చెంబు ముందుకొచ్చింది. కనకవ్వ అనే ముసలామె నీళ్ల చెంబుతో పాటు మెంతులు కలిపిన మజ్జిగ కూడా తెచ్చింది.

"తాగు నాయనా, కడుపు కట్టేస్తుంది. రాత్రి ఏం తిన్నావో ఏమో!"

"ఏమిటీ చెంబులు? ఎవరికి కడుపు?" అని వీరప్పరాజు పల్లకీలోంచి ఉరిమాడు.

రాజు మొహం గంభీరంగా పెట్టాడు. "ఎప్పటినుంచి వీరప్పా, ఈ బాధ?"

"నాకే బాధా లేదు ప్రభూ! నా కడుపు బండరాయి!"

పేరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "రాజముద్ర పడిన నియమం అయ్యగారూ. ఈ వీధిలో కడుపు గడబిడైనవాళ్లే బూర ఊదించాలి. ఉత్తినే ఊదిస్తే పల్లకీ సంఘానికి జప్తు. మరి చెప్పండి..."

"పల్లకీ దిగి చెంబు పుచ్చుకుంటారా, పల్లకీ ఇచ్చి నడిచి వెళతారా?" అని అడిగింది పేరమ్మే.

వీరప్పరాజు వెండి పొన్నుల పల్లకీ వంక చూశాడు. చెంబు వంక చూశాడు. మీసాలు రెండూ కిందికి వాలాయి. గభాలున దిగి కనకవ్వ చేతిలో చెంబు లాక్కుని ఊరి బయటికి పరుగందుకున్నాడు.

"అయ్యో పాపం, నిజంగానే!" అంది కనకవ్వ.

నవ్వి నవ్వి రాజు కిరీటం పల్లకీలోంచి దొర్లి వీధిలో పడింది. ఆ నవ్వుల మధ్యే జేగంట మోగింది. బళ్లు కదిలాయి. చెల్లెలి ఇంట్లో గారెలు నాలుక కాలేంత వేడిగా ఉన్నాయి.

కంచర వీధిలో ఒక్క ఇటుక కూడా కదపరాదని రాజు అక్కడికక్కడే శాసనం చేశాడు. ఆ కబురు వినగానే అరుగు మీద సోమాచారి కళ్లు తుడుచుకుని మళ్లీ సుత్తి అందుకున్నాడు. ఇక పేరమ్మకు బహుమానంగా, తన విస్తట్లోని మొదటి గారె తీసి రాజు స్వయంగా ఆమె చేతిలో పెట్టాడు.

ఆ రాజు చేతిలోంచి గారె ఇంకొకరి చేతిలోకి వెళ్లడం పొన్నవరం చరిత్రలో అదే మొదలు!