బురద కాళ్ల రాయప్ప

వెనకటికి ఒక రేవు పట్నంలో ఇన్నాసి అనే చిత్రకారుడు ఉండేవాడు. చూసింది చూసినట్టు దింపడం తప్ప అతనికి ఇంకోటి చేతకాదు. చర్చి గోడ మీద, ఏసుప్రభువు తన శిష్యుడైన రాయప్ప కాళ్లు కడుగుతున్న బొమ్మ వేశాడు. రేవులోని ఒక జాలరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేశాడు కనక, రాయప్ప మడమల నిండా పగుళ్లు, మోకాళ్ల దాకా బురద.

బిషప్పుగారు చూసి మండిపడ్డారు. "పునీతుడి కాళ్లకి బురదేమిటయ్యా? తీసెయ్, లేకపోతే గోడంతా సున్నం కొట్టిస్తాను!"

"చిత్తమండీ" అని ఇన్నాసి కాళ్లు నిగనిగలాడేట్టు దిద్దాడు. తర్వాత సున్నం కుంచె పట్టుకుని తాపీగా ప్రభువు బొమ్మ దగ్గరికి జరిగాడు.

"ఆగాగు! ప్రభువునెందుకు చెరుపుతున్నావు?" అని అరిచారు బిషప్పుగారు.

"కాళ్లు శుభ్రంగానే ఉన్నాయి కదండీ. ఇంక ఆయనకిక్కడ పనేముంది?"

బిషప్పుగారు సున్నం కుంచె అతని చేతిలోంచి తీసుకున్నారు.

"ఆ బురద మళ్లీ పెట్టు నాయనా" అన్నారు మెల్లగా, "కాస్త ఎక్కువే పెట్టు."