జానెడు గరుకు

ఓబులేసు బాధల్లా ఒకటే. ఆరేళ్ళుగా దస్తగిరి ఉస్తాద్ దగ్గర వెల్డింగు పని నేర్చుకుంటున్నాడు. ఆయన నోట ఒక్కసారి కూడా ‘బాగుంది’ అనే మాట వినలేదు. అలాగని తిట్టేవాడూ కాదు. చేసిన పని వైపు ఒక చూపు చూసి, టీ తెమ్మనేవాడు. అంతకంటే తిట్టినా నయం.

ప్రొద్దుటూరులో వాళ్ళ షెడ్డుకు గేట్లు, కిటికీ చువ్వలు, మంచాలు వచ్చేవి. అవన్నీ ఓబులేసు చూసుకునేవాడు. మెట్ల పక్కన, స్నానాల గదుల్లో పట్టుకోవడానికి బిగించే స్టీలు గొట్టాలు మాత్రం ఉస్తాద్ తానే చేసేవాడు. గరుకు కాగితాన్ని గొట్టానికి చుట్టి, చేత్తో ముందుకీ వెనక్కీ లాగుతూ ఒక్కో గొట్టానికి పూటంతా కూర్చునేవాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఒక కంట్లో పొర. చూడలేక ఓబులేసు ఒక మెషీన్ కట్టాడు.

పాత వాషింగ్ మెషీన్ మోటారు, స్కూటరు బేరింగులు, వేపకొయ్యను లేత్ మీద గుండ్రంగా తీయించిన రెండు చక్రాలు. వాటి మీద తిరిగే గరుకు బెల్టు. ఒక పక్క బెల్టును కావాలనే కాస్త వదులుగా ఉంచాడు. గొట్టాన్ని ఆ వదులుకు ఆనిస్తే బెల్టు దాన్ని సగం దాకా వాటేసుకుంటుంది. గొట్టం తిప్పుతూ పోతే చాలు, పూట పని పది నిమిషాల్లో అయిపోతుంది. మొదటి రెండు బెల్టులు తెగి మొహాన కొట్టాయి. మూడోది నిలిచింది.

ఉస్తాద్ మోటారు ఆపించి, బెల్టును వేలితో తిప్పి చూశాడు.

"బాగుండాదిరా," అన్నాడు.

ఆ రోజు ఓబులేసు కాళ్ళు నేల మీద ఆనలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! కనపడిన ఇనుప ముక్కనల్లా నున్నగా చేశాడు. టీ గ్లాసులు పెట్టే కమ్మీని కూడా వదల్లేదు.

ఆ వారంలోనే సంజీవమ్మ టీచరు ఇంటి పని వచ్చింది. పక్షవాతంతో ఆమెకు ఎడమ పక్క పడిపోయి ఏడాదైంది. స్నానం కోడలు చేయిస్తోంది. "ఒక్క గొట్టం బిగించండప్పా, నా నీళ్ళు నేనే పోసుకుంటా. అంతకు మించి నాకేం వద్దు," అని కబురు పంపింది.

ఉస్తాద్ గొట్టం వంచి, ఎప్పటిలాగే చేత్తో రుద్దాడు. శుక్రవారం నమాజుకు వెళ్తూ, "రేపు పోయి బిగించి రా," అని ఓబులేసుకు అప్పజెప్పాడు.

ఓబులేసు గొట్టాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. అంతా నున్నగానే ఉంది. రెండు చోట్ల మాత్రం జానెడు మేర మోటు గరుకు కాగితం గీతలు అలాగే ఉన్నాయి. పాపం, కన్ను ఆనలేదు అనుకున్నాడు. అడిగితే ముసలాయన మనసు నొచ్చుకుంటుంది. ఆ రెండు చోట్లా తన మొహం తనకు కనపడేదాకా మెషీన్ మీద నున్నగా చేసి, మర్నాడు వెళ్ళి గట్టిగా బిగించి వచ్చాడు. ఆ సంగతి ఉస్తాద్‌కు చెప్పలేదు. గురువు పరువు కాపాడానని లోలోపల సంతోషపడ్డాడు కూడా. మంచికని చేసిన పనే. తలుచుకుంటే ఈ కథ చెబుతున్న నాకూ కష్టంగా ఉండేది అందుకే.

మూడో వారంలో టీచరు కోడలు షెడ్డుకు వచ్చింది.

"పద్దెనిమిది రోజులు అత్తమ్మ తనే నీళ్ళు పోసుకునిందన్నా. తలుపేసుకొని లోపల పాటలు పాడుకుంటాండె. రోజూ చెయ్యి కడుక్కొని గొట్టం పట్టుకునేది. మొన్న మర్చిపోయింది. సబ్బు చెయ్యి జారింది."

తుంటి ఎముక విరిగిందట. ఇక మంచం దిగడం ఉండదని డాక్టర్లు చెప్పారట. కోడలు ఎవరినీ ఏమీ అనలేదు.

"గొట్టం గట్టిగానే ఉంది, ఊడలేదు. ఇంకొకరింట్లో ఇట్ల కాకుండా చూసుకుంటారని చెప్పిపోదామని వచ్చినా," అని వెళ్ళిపోయింది.

ఓబులేసు దాచలేకపోయాడు. "మీకు కనపడక వదిలేసినారనుకున్నా ఉస్తాద్. నేనే నున్నగా చేసినా."

ఉస్తాద్ మెషీన్ మీద రుద్దిన గొట్టం ముక్క ఒకటి తీసి బల్లకున్న ఇనుప దవడల వైసుకు బిగించాడు. చెంబుతో నీళ్ళు, సబ్బుబిళ్ళ తెచ్చాడు. ఓబులేసు కుడిచేతికి తానే నురగ పట్టించాడు.

"కింద కూచో. ఎడమ చెయ్యి, ఎడమ కాలు నీవి కావనుకో. దాన్ని పట్టుకొని లెయ్."

ఓబులేసు పట్టుకున్నాడు. సగం లేచేసరికి చెయ్యి జారి కూలబడ్డాడు. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ పడ్డాడు. మూడోసారి పడ్డాక లేవలేదు. ముప్పై ఏళ్ళవాడు, నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఉన్నట్టుండి సుత్తి అందుకుని, "ఈ మెషీన్ను ఇప్పుడే పగలగొడతా," అన్నాడు.

"దానికేం తెలుసురా," అన్నాడు ఉస్తాద్. చేతిలోంచి సుత్తి తీసుకొని, మోటు కాగితం పెట్టాడు.

ఇద్దరూ టీచరు ఇంటికి నడిచి వెళ్ళారు. స్నానాల గదిలో ఓబులేసు మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం రుద్దసాగాడు. గోడ అవతల మంచంలో ఉన్న సంజీవమ్మ ఆ చప్పుడు వింది.

"ఎవరప్పా, గొట్టం వాళ్ళా? నిదానంగా చేయండి. ఇప్పుడు నాకేం తొందర లేదు."

ఓబులేసు చెయ్యి ఆగిపోయింది. ఆ గొట్టాన్ని ఆమె ఇక పట్టుకోదని ముగ్గురికీ తెలుసు. కాసేపటికి మళ్ళీ రుద్దాడు. అయిపోయాక ఉస్తాద్ వేళ్ళతో తడిమి చూసి, బయటికి నడిచాడు.

తిరుగు దారిలో ఓబులేసే నోరు తెరిచాడు.

"ఆ గరుకు ఎందుకో ఒక్క మాట అడిగింటే సరిపోతాండె, ఉస్తాద్."

ఉస్తాద్ నిలబడిపోయాడు. పంచె కొంగుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"నేను నొచ్చుకుంటానని నువ్వు అడగలేదు. నువ్వు అడిగినప్పుడు చెప్పొచ్చులే అని నేను ఊరకుంటి. మధ్యలో ఆయమ్మ పడిపాయె."