గదిని ఉన్నదున్నట్టు అప్పజెప్పిన వైనం

గోదారికి రెండు గట్ల మీదా వెతికినా తమంత తెలివైనవాళ్ళు దొరకరని పానకాలు ఇంట్లో ముగ్గురికీ గట్టి నమ్మకం. నమ్మకం ఎందుకుండదు? వానొస్తే గొడుగు తడిసిపోతుందని దాని మీద తువ్వాలు కప్పి పట్టుకునేవాడు పానకాలు. వర్జ్యం వేళకి పంచాంగం మూసి, దాని మీద పీటేసి కూర్చునేవాడు తమ్ముడు కోటిలింగం, వర్జ్యం బయటికి రాకుండా. ఇక పానకాలు భార్య వరాలమ్మ కాఫీలో చక్కెర వేసేది కాదు. వేస్తే కనపడకుండా పోతోందని ముందు కాఫీ తాగి, తరవాత చక్కెర నోట్లో పోసుకునేది.

అలాంటి ఇంట్లో ఓసారి గౌరి తప్పిపోయింది. గౌరంటే వాళ్ళ గేదె. మూడు రోజులు ఊరంతా గాలించారు. మూడో రోజు వరాలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నరసింహస్వామీ, నా గౌరి కంటబడితే కొండకొచ్చి నీ హుండీలో వెయ్యినూటపదహార్లు వేస్తాను" అని మొక్కుకుంది. అంతే! గడ్డిమేటు అవతలి పక్క నుంచి గౌరి అరుపు వినిపించింది. మూడు రోజులూ అక్కడే నెమరేస్తూ నిలబడి ఉందది. వీళ్ళు ఇవతలి పక్కే వెతికారు. స్వామి మహిమ!

వరాలమ్మ ఆ డబ్బు పసుపుగుడ్డలో ముడుపు కట్టింది. ముడుపు ముడి స్వామి ముందే విప్పాలి. దారిలో అందులోంచి ఒక్క రూపాయి తీసినా మొక్కు చెడుతుందనీ, గౌరి మళ్ళీ పోతుందనీ ఆవిడ భయం. పోస్టుమాస్టరు గారు ఫోనుచేసి కొండ కింద లాడ్జిలో గది మాట్లాడిపెట్టారు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆరు వందలు. స్నానాలు చేసి, కాస్త నడుం వాల్చి, ఆరున్నరకి దర్శనం చేసుకుని బస్సెక్కడమే. గది అద్దె, బస్సు ఛార్జీలు, ముడుపు. అంతకు మించి వాళ్ళ దగ్గర చిల్లిగవ్వ లేదు.

తెల్లవారి ఆరింటికల్లా లాడ్జిలో దిగారు. గుమాస్తా సన్యాసిరావు ఆరు వందలూ తీసుకున్నాడు. వీళ్ళని మేడమీది గదికి తీసుకెళ్ళి, మంచం పక్కన నిలబడి పంకా, ఏసీ, గీజరు స్విచ్చిలన్నీ నొక్కి చూపించాడు. అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"పిన్నిగారూ, గది ఇద్దరికే. లోపల మూడో మనిషి ఉంటే రెండు వందలు అదనం. చల్లదనం వాడుకుంటే మూడు వందలు. వేడినీళ్ళు వాడుకుంటే వంద."

వరాలమ్మ చెయ్యి తిన్నగా నడుం దగ్గరున్న ముడుపు మీదికి పోయింది.

"ఇవన్నీ ఫోనులో చెప్పలేదేం నాయనా?"

"ఫోనులో మీరడగలేదుగా!"

"మరి వాడుకోకపోతేనో?"

"వాడుకోకపోతే పైసా అక్కర్లేదు" అని సన్యాసిరావు దిగిపోయాడు.

పానకాలు నవ్వాడు. "పిచ్చివాడు! మన తెలివి తెలీక మాట్లాడుతున్నాడు. కోటీ, బయటికి నడు."

ఇంకేముంది, కోటిలింగం వసారాలోకి దూకాడు. గదిలో ఇద్దరు, వసారాలో ఒకడు. కాసేపటికి కోటిలింగానికి సంచిలో తువ్వాలు కావలసొచ్చింది. వాడు లోపలికి అడుగు పెట్టేసరికి పానకాలు బయటికి ఉరికాడు. పానకాలుకి పంచె కావలసొచ్చింది. ఆయన లోపలికి, వరాలమ్మ బయటికి. ఆవిడ దువ్వెన కోసం లోపలికి, కోటిలింగం బయటికి. ఎనిమిదయ్యేసరికి ముగ్గురికీ రొప్పు తప్ప ఒక్కరికీ స్నానం లేదు.

"అన్నయ్యా, నాకో ఉపాయం తట్టింది" అని కోటిలింగం గుమ్మంలో బోర్లా పడుకున్నాడు. "తల లోపల, కాళ్ళు బయట. ఇప్పుడు నేను పూర్తి మనిషిని కాను."

"ఎంత తెలివి మరిదీ నీకు!" అని వరాలమ్మ మురిసిపోయింది.

అంతలో టీ ఫ్లాస్కు పట్టుకుని ఒకాయన కోటిలింగాన్ని దాటుకుని లోపలికొచ్చాడు. "టీ కావాలాండీ?"

"మూడో మనిషి! మూడో మనిషి!" అని వరాలమ్మ కేకపెట్టింది. అంతే, మొగుడూ పెళ్ళాం చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని వసారాలోకి నెట్టేశారు. వెనకాలే ఫ్లాస్కు దొర్లుకుంటూ వెళ్ళింది.

"టీ అడిగితే ఇంత కోపమా?" అన్నాడాయన లేచి పంచె దులుపుకుంటూ.

"కోపం కాదు బాబూ, నువ్వు రెండొందలు" అంది వరాలమ్మ.

ఈ తొక్కిసలాటలో కిటికీ రెక్క తెరుచుకుంది. కొండ మీంచి గాలి హాయిగా వచ్చి తగిలింది. పానకాలు మొహం వాడిపోయింది.

"వరాలూ, నీకేమైనా తెలుస్తోందా?"

"చల్లగా ఉందండీ."

"అనకు! అన్నావంటే మూడొందలు!"

గబగబా కిటికీ మూశారు. పంకా తిరుగుతోంటే అదీ ఆపేశారు. అయినా గచ్చు చల్లగా తగులుతోందని పరుపెక్కి, లాడ్జివాళ్ళ రగ్గులు ముసుగేసుకుని కూర్చున్నారు. చైత్రమాసం ఎండ. ఇడ్లీపాత్రలో ఇడ్లీల్లా ఉడికిపోయారు. మధ్యమధ్య పానకాలు, "చల్లదనం ఎక్కడైనా తగిలిందా?" అని అడగడం, "లేదండీ, స్వామి దయవల్ల చచ్చేంత ఉక్కగా ఉంది" అని వరాలమ్మ చెప్పడం.

మధ్యాహ్నం రెండు దాటింది. స్నానం చెయ్యకుండా ముడుపు చెల్లించకూడదుగా! వరాలమ్మ కుళాయి తిప్పి చెయ్యి పెట్టింది. చుర్రుమంది. మేడమీద తొట్టి ఎండకి కాగి, నీళ్ళు సలసలా వస్తున్నాయి.

"ఏవండోయ్! వేడినీళ్ళు! అడక్కుండానే వచ్చేస్తున్నాయి!"

"వాడకు! వాడకు! బకెట్లో పట్టి చల్లార్చు."

"ఇక్కడ చల్లారిస్తే ఆ చల్లదనం గదిలో ఉండిపోదూ?"

నిజమే మరి. పానకాలు చేత పెళ్ళాం తెలివికి దణ్ణం పెట్టించిన మాట అది. సరే, కోటిలింగం బకెట్టు వసారాలో పెట్టుకుని, ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, తాటాకు విసనకర్రతో విసరడం మొదలెట్టాడు. ఒంటి మీద తడిసిన తువ్వాలు, నుదుట విభూతి, కళ్ళు అరమోడ్పు. అసలే కొండ కింద ఊరు. అటుగా వచ్చిన ఓ ముసలావిడ ఆగి చేతులు జోడించింది.

"స్వామివారి తీర్థమా బాబూ?"

"వేడిగా ఉందమ్మా, చల్లారాక" అన్నాడు కోటిలింగం.

"వేడి తీర్థం! ఎంత భాగ్యం!" అని ఆవిడ దోసెడు పట్టి నెత్తిన చల్లుకుంది. ఆవిడ వెనక ఆవిడ కోడలు. కోడలి వెనక ఇంకో గదివాళ్ళు. ఇంకేముంది, మెట్ల దాకా వరస కట్టారు. మూడు బకెట్లు తెచ్చిపెట్టినా అడుగంటాయి. చివరికి తలా రెండు చెంబులు మిగిలితే, అవే నెత్తిన పోసుకుని అయిందనిపించారు.

ఆ గోలకి సన్యాసిరావు మేడెక్కాడు. అప్పటికి అయిదున్నర.

"ఏమిటీ తిరనాళ్ళు? ఆరింటికి ఖాళీ చెయ్యాలి. గది మీకెలా అప్పజెప్పానో అలాగే ఉన్నదున్నట్టు నాకప్పజెప్పాలి. తలుపుకి తాళం పడాలి, తాళంచెవి నా చేతిలో ఉండాలి. తేడా వస్తే అయిదు వందలు!"

ఈసారి వరాలమ్మ పసుపుగుడ్డని రెండు చేతులా అదుముకుంది. పొద్దుట్నించీ ఇన్ని తిప్పలు పడి కాపాడిన ముడుపు! అతను దిగిపోగానే, పొద్దున గది ఎలా ఉందో ముగ్గురూ గుర్తుచేసుకోవడం మొదలెట్టారు. లోపల ముగ్గురైపోయారని కోటిలింగం కాళ్ళు మళ్ళీ బయట పెట్టాడు.

దుప్పటి నున్నగా సర్దారు. దిండు మీద పాత నూనెమరక తలుపు వైపు ఉండేది. అలాగే తిప్పారు.

"లైటు పక్కన బల్లి ఉండేది వదినా!" అన్నాడు కోటిలింగం.

తలెత్తి చూస్తే బల్లి లేదు!

"అయ్యో అయ్యో, బల్లికి ఎంత వేస్తాడో!" అని వరాలమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది.

కోటిలింగం మెట్లకింద వెతికి వెతికి ఒక బల్లిని తువ్వాల్లో పట్టుకొచ్చాడు. కొంచెం చిన్నది. గోడ మీద పెట్టాడు. పారిపోయింది. మళ్ళీ పట్టి పెట్టాడు. ఈసారి ప్రాణభయంతో లైటు పక్కకే చేరి కదలకుండా ఉండిపోయింది.

"ఇంకేదో తగ్గింది" అన్నాడు పానకాలు గది నాలుగు మూలలూ చూస్తూ. "పొద్దున వాడు అప్పజెప్పినప్పుడు మంచం పక్కన ఏముంది?"

వరాలమ్మ ఆలోచించింది. మొహం వెలిగిపోయింది.

"సన్యాసిరావు ఉన్నాడండీ!"

కిందికెళ్ళి పిలుచుకొచ్చారు. "ఇలా నిలబడు నాయనా. ఇంకాస్త కుడిపక్కకి. చెయ్యి స్విచ్చి మీద పెట్టు" అంది వరాలమ్మ. గది తనిఖీ చేయిస్తున్నారు కాబోలనుకుని పాపం అతను నిలబడ్డాడు. పానకాలు తాళంచెవి అతని చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. ముగ్గురూ బయటికొచ్చారు. గొళ్ళెం వేశారు. నొక్కితే పడే తాళంకప్ప. పానకాలు నొక్కాడు. టక్కుమని పడింది.

"ఏమండోయ్! పిన్నిగారూ! నేను లోపలున్నాను!" అని తలుపు బాదాడు సన్యాసిరావు.

"తెలుసు నాయనా, మేమే పెట్టాం" అంది వరాలమ్మ.

"అన్నయ్యా, గది ఇద్దరికి కదా, ఒక్కడే ఉంటే వాళ్ళకి నష్టం కాదూ?" అన్నాడు కోటిలింగం.

"బల్లి ఉందిగా" అన్నాడు పానకాలు.

వీధిలోకొచ్చేసరికి ఆరుకి అయిదు నిమిషాలుంది. పైన సన్యాసిరావు కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి తాళంచెవి ఊపుతూ అరుస్తున్నాడు.

"చూడండీ, ముట్టిందని చూపిస్తున్నాడు. ఎంత నిజాయితీపరుడో" అంది వరాలమ్మ.

"తియ్యండి బాబోయ్! తలుపు తియ్యండి!" అని అతను తాళంచెవి కిందికి విసిరాడు. అది వచ్చి సరిగ్గా వరాలమ్మ కాళ్ళ దగ్గర పడింది.

తాళంచెవి అతని చేతిలో లేదు! ఇంకా ఆరు కాలేదు!

"కోటీ! నా ముడుపు! నా గౌరి!" అని వరాలమ్మ ఏడుపు లంకించుకుంది.

అంతే! పక్కింటికి సున్నం వేసేవాళ్ళ నిచ్చెన లాక్కుని, తాళంచెవి పళ్ళమధ్య పెట్టుకుని, కోటిలింగం కిటికీ దాకా ఎగబాకాడు. సన్యాసిరావు ఆశగా చేతులు రెండూ బయటికి చాపాడు. "రా బాబూ రా! వెనక్కెళ్ళి తలుపు తియ్యి!"

"కంగారు పడకండి గుమాస్తాగారూ, ఎవరికైనా చెయ్యి జారుతుంది" అని కోటిలింగం తాళంచెవి అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, మళ్ళీ జారిపోకుండా తన తువ్వాలు చింపి పిడికిలి చుట్టూ తిప్పితిప్పి కట్టి, ఊచకి ఏడు ముళ్ళు వేసి దిగాడు.

కొండమీద సాయంత్రం హారతి గంట మోగింది. వరాలమ్మ ముడుపు కళ్ళకద్దుకుని, స్వామి మెట్ల వైపు వడివడిగా నడిచింది.