నూకాలమ్మ హనోయిలో రోడ్డు దాటిన వైనం

అనకాపల్లిలో బెల్లం కొట్టు నూకాలమ్మకి ఒకటే దిగులు. ఇంత తెలివీ తమ ఒక్క ఇంట్లోనే పోగుపడిపోతే మిగతా ఊరంతా ఎలా బతుకుతుందా అని! మొగుడు తాతబ్బాయి తెలివైనవాడు. తమ్ముడు పైడిరాజు ఇంకా తెలివైనవాడు. ఆ ఇద్దరికీ తెలివి చెప్పేది తను. అలాంటి ముగ్గురూ వియత్నాం చూడ్డానికి బయల్దేరారు.

"పరాయి దేశం. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యాలి. ఒక్క అక్షరం జారకూడదు" అని నూకాలమ్మ విమానంలోనే ఇద్దరి చేతా ఒట్టేయించుకుంది.

హనోయిలో దిగగానే, వాళ్ళని తిప్పి చూపించే ప్రసూన అందరినీ నిలబెట్టి చెప్పింది. "ఇక్కడ స్కూటర్లు చీమల దండులా వస్తాయి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడవండి. హెల్మెట్ లేకుండా బండెక్కొద్దు."

"ఒళ్ళు దగ్గర పెట్టుకోక, ఇంట్లో బీరువాలో పెట్టొస్తామా? పాపం, పిల్లకి మాట్లాడ్డం రాదు" అని నూకాలమ్మ జాలిపడింది. అయినా చెప్పింది చెప్పినట్టు చెయ్యాలిగా! ముగ్గురూ ఎవరి ఒంటిని వాళ్ళు గట్టిగా కావిలించుకుని నడిచారు. ఎదురుగా బస్సు. బస్సూ బండే కదా! అంతే, పక్క దుకాణంలో హెల్మెట్లు కొని, తగిలించుకుని ఎక్కారు. బస్సులో వాళ్ళంతా వీళ్ళని చూసి, ఈ డ్రైవరు సంగతి ముందే తెలిసినవాళ్ళు కాబోలనుకుని, కమ్మీలు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

దిగాక పెద్ద రోడ్డు దాటాలి. స్కూటర్లు ఏరులా పారుతున్నాయి. నూకాలమ్మ ఓ అడుగు వెనక్కేసి మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భయపడకండి పిన్నిగారూ" అంది ప్రసూన. "ఆగొద్దు, పరిగెత్తొద్దు, వెనక్కి రావొద్దు. తిన్నగా ఒకే నడకన పొండి. వాళ్ళే తప్పుకుంటారు."

ఇంకేముంది! నూకాలమ్మ ముందు, తాతబ్బాయి మధ్యలో, పైడిరాజు వెనక. స్కూటర్లు అటో పాయ, ఇటో పాయగా చీలిపోయాయి. అవతలి గట్టు రానే వచ్చింది. ఆగమని ప్రసూన చెప్పిందా? లేదు! ఎదురుగా నూడుల్స్ దుకాణం. తిన్నగా అందులోకి నడిచారు.

"అక్కా, వాసన భలేగా ఉందే!"

"ఆగావంటే చచ్చావురా! నడు!"

బల్లల మధ్య నుంచి, వంటింట్లో పొయ్యి పక్క నుంచి, పెరటి గుమ్మంలోంచి ఇంకో వీధిలో పడ్డారు. అక్కడ ఫొటోకి నిలబడ్డ కొత్త దంపతుల మధ్యలోంచి దూరి, ఇంకో రోడ్డు దాటారు. చివరికి గోడ అడ్డం వచ్చింది. ముగ్గురూ గోడకి ముక్కులు ఆనించి, ఉన్నచోటే కాళ్ళు ఆడిస్తూ నిలబడ్డారు. నూకాలమ్మకి మడమలు బొబ్బలెక్కాయి. ఈ దేశంలో ఇలా నడుస్తూనే పోతానేమోనని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ప్రసూన రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. "ఏ బండి కింద పడ్డారో అని నా ప్రాణం పోయింది! ఆగండి బాబోయ్, ఆగండి!"

"ఆ ముక్కేదో ముందే చెప్పొద్దుటమ్మా?" అని నూకాలమ్మ అక్కడే చతికిలబడింది.

ఇక వీళ్ళతో కాదని ప్రసూన టాక్సీ మాట్లాడి ఎక్కించింది. "హోటలుకి పోయి పడుకోండి. దారి తప్పించకుండా డ్రైవరు మీద ఓ కన్నేసి ఉంచండి."

అంతే! ముగ్గురూ ఒక కన్ను మూసేసి, రెండోది డ్రైవరు మీద వేశారు. అద్దంలో మూడు ఒంటికళ్ళు కనబడేసరికి ఆయనకి ముచ్చెమటలు పోశాయి. హోటలొచ్చింది. వీళ్ళు దిగలేదు. ఎప్పటిదాకా కన్నెయ్యాలో ప్రసూన చెప్పలేదాయె! డ్రైవరు తలుపు తీశాడు, బతిమాలాడు, దండం పెట్టాడు. ఆకలి ఆగక చివరికి భోజనానికి ఇంటికి బయల్దేరాడు.

మధ్యాహ్నం ప్రసూన ఫోన్ చేసింది. "పిన్నిగారూ! హోటల్లో లేరట, ఎక్కడున్నారు?"

"గట్టిగా అరవకమ్మా, లేస్తాడు" అంది నూకాలమ్మ గుసగుసగా. "అన్నం తిని ఇప్పుడే నడుం వాల్చాడు. వాళ్ళమ్మ మాకూ పెట్టింది, మహాతల్లి. మీ బాబాయిగారికి కన్ను లాగుతోందంటే పడుకోమన్నాను. నేనూ తమ్ముడూ చెరో కన్నూ వేసి కూర్చున్నాం. నువ్వు నిశ్చింతగా ఉండు. దారి తప్పడం కాదు కదా, మంచం మీంచి అంగుళం కదల్లేదు!"