గాలి ఉక్కు చల్లారిన మధ్యాహ్నం

కనకాచారి ఉస్తాదుకు ఒక అలవాటు ఉండేది. కొలిమిలోంచి గాలి ఉక్కు దిమ్మను బయటికి తీసిన రోజున, నడినెత్తిన ఎండ మండుతున్నా సరే, షెడ్డు షట్టరు కిందికి దించేసేవాడు. ఫ్యాన్లు ఆపించేవాడు. మోటార్లు ఆగిపోయేవి. దిమ్మ చల్లారేదాకా లోపల ఉన్నవాళ్ళు నోరు విప్పకూడదు, లేచి తిరగకూడదు. బాలానగర్‌లో ఆ వరసలోని మిగతా షెడ్లవాళ్ళు దానికి దయ్యాల గంట అని పేరు పెట్టారు. ముసలాయన ఇనుముతో మాట్లాడతాడని కొందరు అనేవారు. ఇనుమే ఆయనతో మాట్లాడుతుందని కొందరు అనేవారు. ఈ రెండో మాట అన్నవాళ్ళు నవ్వుతూ అనేవారు కాదు.

ఆయన దగ్గర పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న శిష్యుడు భిక్షపతి. డై చెక్కడంలో చెయ్యి తిరిగినవాడు. రేకును కోసి ఒకే రూపాన్ని వేలసార్లు తీసే ఉక్కు అచ్చు డై. పైనుంచి దిగి దాని రంధ్రంలో దూరేది పంచి. ఎవరెంత పనిమంతులైనా, ఏ డైకి ఏ ఉక్కు వాడాలో మాత్రం ఉస్తాదే చెప్పేవాడు. ఆ వేసవిలో మొదటిసారి, గీసిన కాగితాన్ని భిక్షపతి చేతిలో పెట్టి, "ఉక్కు పేరు నువ్వే రాస్కో" అన్నాడు. కరెంటు మీటర్లో వేసే చింతాకంత ఇత్తడి పలకకు డై అది. రంధ్రం చుట్టూ పన్నెండు మూలలు. పంచికీ డైకీ మధ్య సందు వెంట్రుకలో నాలుగో వంతు. అది ఎక్కబోయేది అండాలు కూర్చునే ప్రెస్సు మీద. అండాలు భిక్షపతి భార్య. రోజుకు ఎనిమిది గంటలు, డైకి జానెడున్నర దూరంలో ముఖం పెట్టి, రేకు అందించే మనిషి.

భిక్షపతి నీళ్ళ ఉక్కు అని రాశాడు. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే చాలు, సుయ్యిమన్నంత సేపట్లో గట్టిపడుతుంది. శనివారానికి సరుకు కావాలని, పని ఇచ్చిన సేటు తొందర పెడుతున్నాడు కూడా. ముంచి తీశాక, లోపలి బిగువు వదిలేదాకా సన్నని సెగ మీద మళ్ళీ కాచాలి. గట్టితనం ఎక్కడ తగ్గిపోతుందోనని అతను సగం సెగకే దించేశాడు. ఆకురాయి పెట్టి రాస్తే గీత పడలేదు. పంచి దించి చూస్తే వెన్నలో వేలు దిగినట్టు దిగింది. ఆ సాయంత్రం పెళ్ళాం దగ్గర గొప్పలు పోయాడు.

"రేపటిసంది రాణి లెక్క కూసోని కొట్టు. మూడేండ్లదాక అరగది."

"రాణులు ప్రెస్సు కొడతరా?" అంది అండాలు.

మర్నాడు పొద్దున అదే పంచి అదే డైలో దూరలేదు.

భిక్షపతి రెండింటినీ గుడ్డపెట్టి తుడిచాడు. మళ్ళీ చూశాడు. భూతద్దం తెచ్చాడు. షెడ్డు తాళంచెవి ఉస్తాదు మొలతాడుకే ఉంటుంది, ఇంకెవరికీ చిక్కదు. బల్లమీద పేరుకున్న సన్నని దుమ్ములో, డై చుట్టూ, తనవి తప్ప ఒక్క వేలిముద్ర కూడా లేదు. అయినా రంధ్రం ఒక వైపుకు ఒదిగి ఉంది, నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు.

"ఎవలో ముట్టిండ్రు ఉస్తాద్," అన్నాడు.

"ఎవ్వలు ముట్టలే," అన్నాడు కనకాచారి, టీ ఊదుకుంటూ.

"మరి దానంతటదే కదిలిందా?"

ఉస్తాదు టీ తాగాడు. భిక్షపతికి ఉక్రోషం వచ్చింది. "ఆకురాయికే లొంగలే గదా! నీళ్ళ ఉక్కు గట్టిదే, నూనె ఉక్కు గట్టిదే. అన్నీ గట్టివే అయినప్పుడు, గంటసేపు షట్టరేసుకోని కాపలా కాసే గాలి ఉక్కు ఎందుకు ఉస్తాద్? నాకు సమజయ్యేటట్టు చెప్పున్రి. లేకుంటే దీన్నే జరంత రుద్ది, ఇయ్యాల్నే ప్రెస్సెక్కిస్త."

ఆయన వాదనకు దిగలేదు. "బువ్వయాళ్ళకు చెప్త. గప్పటిదాక దాన్ని రుద్దకు. ఆ బల్లమీదనే ఉండనియ్యి," అన్నాడు.

మధ్యాహ్నం కొలిమి తలుపు తెరిచాడు. వేరే పనికోసం చెక్కిన గాలి ఉక్కు దిమ్మ లోపల ముదురు నారింజ రంగులో వెలుగుతోంది. దానికీ నడుమ మూలలున్న రంధ్రమే. పట్టకారుతో తీసి మట్టి ఇటుకల మీద పెట్టాడు. నీళ్ళు లేవు, నూనె లేదు; ఉత్త గాలిలో చల్లారుతూనే గట్టిపడేది గాలి ఉక్కు. ఇన్నేళ్ళూ ఆ గంటను బయట బీడీలు కాలుస్తూ గడిపిన భిక్షపతి, సాయం చేద్దామని ఫ్యాను మీటవైపు చెయ్యి చాపాడు.

"గాలి ఉక్కే గదా ఉస్తాద్, జర గాలి తగలనియ్యరాదా?"

"ముంగటికెళ్ళి చలి, ఎన్కకెళ్ళి సెగ పెడితే నువ్వు గూడ వంకరవోతవు. కూసో."

షట్టరు సగం దిగింది. అన్నం డబ్బా పట్టుకుని అండాలు దాని కిందినుంచి వంగి లోపలికి వచ్చింది. "ఏమాయె, నా డై..." అని మొదలుపెట్టిందో లేదో, ఉస్తాదు పెదవుల మీద వేలు పెట్టాడు. ఆమె ఉస్తాదు పక్కనే, గోడవార ఉన్న బల్ల దగ్గర కూర్చుంది. షట్టరు పూర్తిగా దిగింది.

లోపల వెలుతురంటూ ఉన్నది దిమ్మదే. ముగ్గురి గడ్డాలూ చెంపలూ కిందినుంచి ఎర్రగా కనబడి, కళ్ళు మాత్రం గుంటల్లా ఉన్నాయి. నారింజ రంగు ఎరుపులోకి దిగింది. ఎరుపు ఎండిన నెత్తురు రంగులోకి దిగింది. తరవాత అదీ ఆరిపోయి, షట్టరు కింద దారమంత వెలుగు మాత్రం మిగిలింది. దిమ్మ నల్లబడి, ఏ సంతలోనైనా దొరికే ఇనప ముక్కలా కనిపించింది. దానికి రెండువేళ్ళ ఎడంలో, పై కర్రదూలం నుంచి ఉస్తాదు దారంతో కట్టిన ఒక చిన్న అయస్కాంతం వేలాడుతోంది. ఇనుము పక్కన అయస్కాంతం ఊరుకోదు. ఇది ఊరుకుంది. దగ్గర ఏమీ లేనట్టు, ఎవరూ లేనట్టు, నిటారుగా వేలాడింది.

పన్నెండేళ్ళుగా తాను ముట్టుకున్న లోహం అక్కడ లేదని, దాని చోట, దాని ఆకారంలోనే, ఇంకా పేరు పెట్టని మరేదో కూర్చుని ఉందని భిక్షపతికి తోచింది. లేచి షట్టరు ఎత్తేద్దామనుకున్నాడు.

కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక అండాలుకు పక్కనున్న ఆ బల్ల మీద తన డై కనబడింది. రేపు దీని ముందే కదా కూర్చోవాలి అనుకుందేమో, పన్నెండు మూలలనూ చూడటానికి ముఖం దించి వంగింది. ఉస్తాదు చూపు గాలి ఉక్కు మీదే ఉంది. కానీ ఆయన తల ఒక్కసారి అటు తిరిగింది, ఎవరో పిలిచినట్టు. చెయ్యి చాచి, ఆమె భుజం పట్టి, బలంగా వెనక్కి లాగాడు.

టంగ్.

గుడిగంట ఒక్కసారి మోగి ఆగినట్టు. ఏదో గాలిలో సర్రున పోయింది. వెనక ఉన్న అట్టపెట్టెలో టప్పుమంది.

అండాలు నోరు తెరిచింది. ఉస్తాదు అరచెయ్యి పైకెత్తాడు. భిక్షపతి లేవబోయాడు, ఆ అరచెయ్యి అతనివైపు తిరిగింది. గాలి ఉక్కు పని ఇంకా కాలేదు. పగిలినదాని పక్కన, పగలనిదాని ఎదుట, ముగ్గురూ అలాగే కూర్చున్నారు. భార్య గట్టిగా ఊపిరి తీస్తోందని అతనికి వినబడుతోంది. ఆమెకు దెబ్బ తగిలిందో లేదో తెలియడం లేదు. అడగడానికి లేదు. అతని బతుకులో అంత పొడుగు సమయం మరొకటి లేదు.

అప్పుడు అయస్కాంతం వణికింది. ఎవరూ ఊదలేదు, ఎవరూ కదపలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగినట్టు మెల్లగా తిరిగి, దారం లాగుకుంటూ వెళ్ళి, నల్లని దిమ్మకు అంటుకుంది. ఉక్కు గట్టిపడుతోందనడానికి గుర్తు అదే; ఉస్తాదు ఊపిరి వదిలాడు. చేత్తో పట్టుకునేంత గోరువెచ్చన అయ్యేదాకా మరికాసేపు ఆగి, వెళ్ళి షట్టరు ఎత్తాడు.

వెలుగులో చూస్తే అండాలుకు గీరైనా పడలేదు. భిక్షపతి డై మాత్రం ఒక మూలనుంచి అంచుదాకా నిలువునా చీలింది. అక్కడినుంచి లేచిన గోరంత పెచ్చు అట్టపెట్టెలో గుచ్చుకుని ఉంది. కూర్చున్న మనిషికి సరిగ్గా కంటి ఎత్తు. అండాలు ఆ పెచ్చు మీద వేలు పెట్టింది. అదే వేలు తన కనురెప్ప మీద పెట్టుకుంది.

"గీదాని ముందట నన్ను కూసోవెడ్తుంటివా?" అని మొగుణ్ణి అడిగింది.

తరవాత ఉస్తాదు వైపు తిరిగింది.

"నీకెట్ల ఎరుకైంది పెద్దయ్యా?"

"పొద్దటిసంది సన్నగ మూలుగుతనే ఉండె బిడ్డా," అన్నాడు ఉస్తాదు. "మోటర్ల సప్పుడుల, మాటలల్ల నాకు సరిగ్గ ఇనవడలే."

గాలి ఉక్కు దిమ్మను చేతిలోకి తీసుకుని, దాని పంచిని భిక్షపతికి ఇచ్చాడు. భిక్షపతి దాన్ని రంధ్రం మీద పెట్టాడు. పంచి చప్పుడు లేకుండా దిగింది, కాల్చకముందు ఎలా దిగిందో అలాగే. ఉస్తాదు దిమ్మను పూర్తిగా చల్లారనివ్వలేదు. ఆ వెచ్చదనంతోనే సన్నసెగ పొయ్యిలో పెట్టి తలుపు మూశాడు.

"శనివారం తప్పుతది. సేటుకు నేనే చెప్పుకుంట," అన్నాడు భిక్షపతి. గొంతు తగ్గించి, "అంటే గాలి ఉక్కే గట్టిదన్నట్టా ఉస్తాద్?" అని అడిగాడు.

కనకాచారి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"గట్టితనంల రెండూ ఒక్కటే. నీళ్ళల్ల చిటికెల గట్టివడ్డది ఆ బిగువును కడుపులనే దాసుకుంటది. గట్టిదా అని లోకమంత అడుగుతది భిక్షపతీ. గట్టివడేటప్పుడు పక్కన ఎవ్వలు కూసోరు."