పచ్చదారిలో వెనక్కి తిరిగినవాళ్లు

బాణం గుర్తులో ఏ లోపమూ లేదు. అయినా జనం వెనక్కి వచ్చేస్తున్నారు. బాలశౌరికి నెల రోజులుగా ముద్ద దిగకపోవడానికి కారణం అదే.

బాలశౌరి ఫిరంగిపురం వాడు. ఫ్రాన్సుకు దక్షిణాన, కొండమీది మోంబ్రియల్ మఠంలో సన్యాసిగా చేరి మూడేళ్లయింది. అంతకుముందు ఊళ్లో బోర్డులు రాసేవాడు. చర్చి పండగల బ్యానర్లు, కిరాణా షాపుల పేర్లు, లారీల వెనక హెచ్చరికలు, ఏదైనా సరే. అతని గీత చూసి స్కేలు సిగ్గుపడాలని చుట్టుపక్కల ఊళ్లలో అనుకునేవారు. ఆ మాట మొదట అన్నది ఎవరో గాని, ఎక్కువసార్లు అన్నది మాత్రం బాలశౌరే.

మఠానికి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు ఎక్కువ. ఆ దేశంలో వేసవి వస్తే చాలు, సైకిలుకు రెండు పక్కలా సంచులు కట్టుకుని రోజుల తరబడి పల్లెల వెంట తొక్కుతూ పోతారు. మోటారు బండి కంటపడని దారులు వాళ్లకోసమే ఉన్నాయి. పాత కాలువల గట్లు, రైళ్లు మానేసిన రైలుకట్టలు. వాటిని పచ్చదారులంటారు.

కాలువ నుంచి మఠానికి మాత్రం అలాంటి దారి లేకపోయింది. కర్ర లారీలు దడదడలాడించే పెద్దరోడ్డు మీద, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రావాల్సిందే. అది చూడలేక మఠంవాళ్లు, అడవిలో ఎప్పుడో మూతపడ్డ రైలుకట్టను రెండేళ్లపాటు తుప్పలు కొట్టి బాగుచేశారు. మొత్తం పద్దెనిమిది కిలోమీటర్లు. వంతెనలు కూలిన చోట కట్ట దిగి అడవిబాటల్లోకి తిరగాలి. అలాంటి మలుపులు పదకొండు ఉన్నాయి.

పదకొండు చోట్లా బాలశౌరి బాణాలు రాశాడు. తెల్లటి పలక మీద ఆకుపచ్చ బాణం, కింద మఠం పేరు, పేరు చుట్టూ సన్నని అంచు. చూసినవాళ్లంతా భలే ఉన్నాయన్నారు. అన్నవాళ్లలో చాలామంది ఆ బాణం చెప్పినట్టే తిరిగారు. కొంతదూరం పోయారు. మళ్లీ వెనక్కి వచ్చి, కాలువ దాకా పోయి, పెద్దరోడ్డెక్కారు.

అలా రోడ్డెక్కిన సొలాంజ్ అనే బడిపంతులమ్మను లారీ గాలి పక్కనున్న గోతిలోకి తోసేసింది. మణికట్టు విరిగింది. కట్టుతో మఠంలో కూర్చున్న ఆమె దగ్గరికి బాలశౌరి వెళ్లాడు. పరామర్శించడానికే వెళ్లాడు గాని, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మలుపు దగ్గర బాణం కనిపించిందా?"

"కనిపించింది."

"తప్పుగా ఉందా?"

"లేదు. అటే తిరిగాను కూడా."

"మరి ఎందుకు వెనక్కి వచ్చారు?"

ఏమో, తెలియదు బ్రదర్ అంది ఆమె. ఆమె అలా అనడం బాలశౌరికి తన పనిని వెక్కిరించినట్టే అనిపించింది.

ఆ వారమే ఊరి మేయరు మదాం లకాజ్ మఠానికి వచ్చింది. రైలుకట్ట ఊరి ఆస్తి. దాన్ని లారీల దారిగా ఇమ్మని కర్ర వ్యాపారులు ఆమె చుట్టూ తిరుగుతున్నారు. ఆవిడ డొంకతిరుగుడు మనిషి కాదు. ఆగస్టు పదిహేను, మరియమాత పండగనాడు, రెండు వందల మంది సైకిళ్ల మీద వస్తారు కదా, ఆ రోజు నేనే పెద్దరోడ్డు మొదట్లో నిలబడి చూస్తానంది. వాళ్లలో సగంమంది రోడ్డు మీదే వస్తే, ఎవరూ నడవని దారిని అట్టేపెట్టి లాభం లేదని, సెప్టెంబరు నుంచి కట్ట లారీలకు వదిలేస్తానని చెప్పి వెళ్లిపోయింది.

బాలశౌరికి పంతం పెరిగింది. బాణాలను పెద్దవి చేశాడు. మూరెడు బాణం నిలువెత్తు అయింది. పచ్చరంగు చాలదని ఎరుపు పూశాడు. దాన్ని చూసి లేళ్లు ఆ చుట్టుపక్కలకు రావడం మానేశాయని వంటింట్లో చెప్పుకున్నారు. మనుషులు మాత్రం ఆ బాణాన్ని చూశారు, తిరిగారు, కొంతదూరం పోయి వెనక్కి వచ్చేశారు.

చివరికి ఫాదర్ గీలెం దగ్గరికి వెళ్లాడు. మఠంలో కొత్తగా చేరినవాళ్లకు గురువు ఆయనే. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, కుర్రతనం నుంచి ఆ కాలువ గట్లన్నీ సైకిలు మీద తిరిగినవాడు. మాటల విషయంలో పరమ పిసినారి.

"ఫాదర్, వీళ్లకు కళ్లున్నాయి. నా బాణం చూస్తున్నారు. అయినా నమ్మరు. ఇలాంటివాళ్లకు ఇంకెలా చెప్పాలి?"

ఫాదర్ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తలేదు. ఉత్తరాన సిస్టర్ల మఠానికి విత్తనాలు ఇచ్చి రావాలి, రేపు నాతో రా అన్నారు. అంతే.

తెల్లవారి ఇద్దరూ రెండు సైకిళ్ల మీద బయలుదేరారు. అటువైపు బాలశౌరి ఎన్నడూ పోలేదు. నువ్వు ముందు నడువు, గుర్తులు చూసుకుంటూ పో అని ఫాదర్ వెనక ఉండిపోయారు.

దారి చాలా బాగుంది. పొద్దున్నంతా కాలువ గట్టు. రెండు పక్కలా పెద్ద పెద్ద చెట్లు నీళ్లమీదికి వంగి ఉన్నాయి. వీళ్లకంటే నెమ్మదిగా పోయే పడవల్లోంచి ముసలివాళ్లు చెయ్యి ఊపుతున్నారు. వెనక ఫాదర్ ఏదో కీర్తనను శ్రుతి తప్పకుండా తప్పుగా ఈల వేస్తున్నారు. బాలశౌరికి ప్రాణం తేలికైంది. ఇన్నాళ్లకు సైకిలు తొక్కడంలో సుఖం తెలిసింది.

ఒకచోట చిన్న బాణం కనిపించింది. కాలువ వదిలి ఎడమకు, ద్రాక్షతోటల్లోకి పొమ్మంటోంది. గీత వంకరగా ఉందని మనసులో తిట్టుకుంటూ బాలశౌరి అటు తిరిగాడు.

తోటలు దాటాక పొద్దుతిరుగుడు చేలు. ఆ తర్వాత గడ్డిబీడు. మనిషి లేడు, ఇల్లు లేదు. ఈల కూడా వినిపించడం లేదన్న సంగతి కాసేపటికి గాని తెలియలేదు. వెనక్కి చూస్తే ఫాదర్ లేరు. కంకర దారి మాత్రం ముందుకు అలాగే పోతోంది. ఇది సరైన దారేనా? ఇందాకటి బాణం ఈ బాట గురించేనా, ఆ పక్కనున్న ఇంకో బాట గురించా? వంకర గీత గీసినవాణ్ణి ఏమని నమ్మడం? ఇంకో రెండు మలుపులు పోయేసరికి కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. ముప్పై రెండేళ్ల మనిషి, నడిబీడులో, పట్టపగలు, బిక్కచచ్చిపోయాడు.

సైకిలు తిప్పేశాడు.

ఫాదర్ బాణం కింద గడ్డిలో కూర్చుని రేగుపండంత పండేదో తింటున్నారు.

"బాణం కనిపించలేదా?"

"కనిపించింది ఫాదర్."

"తప్పుగా ఉందా?"

ఈ ప్రశ్నలు ఎవరు ఎవర్ని అడిగారో గుర్తొచ్చి బాలశౌరికి చెవులు ఎర్రబడ్డాయి. ఫాదర్ గింజ ఊసేసి, పద అన్నట్టు చెయ్యి ఊపారు.

మళ్లీ ద్రాక్షతోటలు, మళ్లీ పొద్దుతిరుగుడు చేలు. గడ్డిబీడు రాగానే మళ్లీ అదే గుబులు. వెనక్కి చూడకూడదని పట్టుబట్టాడు గాని మెడ అతని మాట వినేలా లేదు. సరిగ్గా అప్పుడు వెనకనుంచి సైకిలు గంట మోగింది. ఒక్కసారే.

ఆ గంట కుడికి పొమ్మనలేదు, ఎడమకు పొమ్మనలేదు. అయినా బాలశౌరి కాళ్లకు బలం వచ్చింది. మరికొంతదూరం పోయాక, గుబులు మొదలయ్యే చోట, మళ్లీ ఒక్కసారి మోగింది. అలా సిస్టర్ల మఠం దాకా పది పన్నెండుసార్లు మోగి ఉంటుంది. అతను ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

ఆ పూట సిస్టర్లు పెట్టిన భోజనం అతను రెండోసారి అడిగి తిన్నాడు.

తిరిగొచ్చాక ఫాదర్‌ను ఒకే ఒక్క మాట అడిగాడు. ఆ గంటలాంటి గుర్తును మలుపుకు ఎంతదూరంలో పెట్టమంటారు అని.

"నన్నెందుకు అడుగుతావు? నాకు దారి తెలుసు."

ఆ జవాబు అతనికి మర్నాడు గాని అర్థం కాలేదు. తానే కొత్తవాడిలా కాలువ నుంచి అడవి దారిలో తొక్కుకుంటూ వచ్చాడు. ఎక్కడా గుబులు పుట్టలేదు. పుట్టదు కూడా, ప్రతి మొద్దూ అతనికి తెలిసినదే. దాంతో సైకిలు పక్కన పడేసి, మొదటి మలుపు అవతల ముళ్లపొదలో దూరి కూర్చున్నాడు.

మలుపు నుంచి మలుపుకు మారుతూ పన్నెండు రోజులు అలాగే కూర్చున్నాడు. ముళ్లు గీసుకున్నాయి, దోమలు విందు చేసుకున్నాయి. వచ్చేవాళ్లందర్నీ చూశాడు. ఏ ఒక్కరూ బాణం దగ్గర తడబడలేదు. చూస్తారు, నవ్వుతారు, తిరుగుతారు. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట పెడళ్ల మీద కాళ్లు ఆగుతాయి. మెడ వెనక్కి తిరుగుతుంది. ఆ చోటు గుర్తుపెట్టుకుని, వాళ్లు కదిలాక అక్కడొక పుల్ల గుచ్చేవాడు. వెనక్కి పోబోయేవాళ్లకు ఎదురొచ్చి దారి ఇదేనని చెప్పాలని కూడా చూశాడు. పొదలోంచి ఒళ్లంతా ముళ్లతో ఒక సన్యాసి ఊడిపడితే ఎవరు ఆగుతారు? ఇంకా వేగంగా పారిపోయారు.

కొన్నిచోట్ల నాలుగైదు పుల్లలే ఉన్నాయి. కొన్నిచోట్ల పుల్లలు దడి కట్టినంత దగ్గరగా నిలిచాయి. అలాంటి ప్రతిచోటా ఎదురుగా కనిపించే చెట్టుకో రాయికో జానెడు ఆకుపచ్చ గీత గీశాడు. గీతే తప్ప బాణం లేదు, పేరు లేదు, అంచు లేదు. ఎర్రటి నిలువెత్తు బాణాలు తీసేసి పాత మూరెడు బాణాలే పెట్టాడు. గీతలన్నీ అయ్యేసరికి పండగ రానే వచ్చింది.

ఆ పొద్దున మఠం ముందు కూరగాయల సూపు పెద్ద గంగాళాల్లో కాగుతోంది. బాలశౌరి ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను అడవి మీద వేసి నిలబడ్డాడు. ఈవేళతో ఈ దారి ఉండడమో పోవడమో తేలిపోతుంది.

తొమ్మిది దాటాక అడవిలోంచి ఒక ముసలి జంట వచ్చింది. వాళ్ల వెనక పిల్లల్ని బండిలో కూర్చోబెట్టి లాక్కొస్తున్న నాన్న. ఆ వెనక ఏడుగురు, ఆ వెనక ఇరవై మంది. ఇక లెక్క అందలేదు. చెట్ల సందుల్లోంచి రంగురంగుల చొక్కాలు వస్తూనే ఉన్నాయి. నవ్వులు, కేకలు, పాటలు. సొలాంజ్ పంతులమ్మ కూడా వచ్చింది, కట్టు విప్పేసిన చేత్తో హ్యాండిలు పట్టుకుని, ఒంటరిగా. దిగుతూనే రెండు చేతులూ పైకెత్తి ఆడించింది. బాలశౌరికి ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. గంగాళాలు రెండుసార్లు ఖాళీ అయ్యాయి. రోడ్డు వైపు నుంచి ఒక్క సైకిలు రాలేదు.

మేయరు జాడ లేదు. ఒంటిగంట దాటాక, అందరికంటే చివర, అడవిలోంచి ఒక సైకిలు వచ్చింది. దానిమీద మదాం లకాజ్. ఎవరి దగ్గర అరువు తెచ్చిందో, సైకిలు ఆమెకు బాగా పొట్టి. బూట్లకు బురద, ముఖం నిండా చెమట.

ఏడింటి నుంచి రోడ్డు మీద నిలబడ్డానని చెప్పింది ఆవిడ. ఫ్లాస్కులో కాఫీ అయిపోయిందట, రొట్టెలవాడు తప్ప సైకిలు మీద ఎవరూ రాలేదట. అంతమంది అడవిలో ఏం చూసుకుని పోతున్నారో చూద్దామని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ దారిన వచ్చిందట. సూపు గిన్నె అందుకుని ఒక గుక్క తాగి, లారీలను వేరే దారి చూసుకోమంటాను అంది.

అక్కడున్న వాళ్లందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. గోలంతా సద్దుమణిగాక ఆవిడ బాలశౌరి వైపు తిరిగింది.

"ఓక్ చెట్లు దాటాక ఒకచోట ఎందుకో కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి పోదామని సైకిలు దిగాను కూడా. తల ఎత్తితే ఎదురుగా చెట్టు మీద నీ పచ్చగీత. సరిగ్గా అక్కడే నాకు భయమేస్తుందని నీకెలా తెలుసు బ్రదర్?"

ఫాదర్ గీలెం గరిటె పట్టుకుని అక్కడే ఉన్నారు. ఆయన కూడా తల ఎత్తి చూశారు.

"మీకంటే ముందు నలభై ఒక్కమంది అక్కడే ఆగారు మదాం," అన్నాడు బాలశౌరి.